చుక్కల లోకం నుంచి తోడంటు వచ్చిందా?

ఇంట్లో తోడుకు పెరుగు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. వాళ్లిచ్చిన చెంచాడు పెరుగుతో తెల్లారేసరికి మన పాలు తోడుకుంటాయి. భూమ్మీద జీవం కూడా ఇలా పక్క లోకం నుంచి వచ్చిన తోడేనేమో అని కొందరు శాస్త్రజ్ఞుల అనుమానం.

అంత దూరం నుంచి ఎలా వస్తుందంటారా? రాళ్ల మీద రావాలి. పెద్ద ఉల్క గుద్దితే గ్రహం మీది రాళ్లు ఆకాశంలోకి ఎగిరిపోతాయి. అలా అంగారకుడి నుంచి ఎగిరిన రాయి ఒకటి 1865లో బీహారులో పడింది. వేరే నక్షత్రాల వైపు నుంచీ చుట్టాలొచ్చారు. 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ తోకచుక్క, 2025లో అట్లాస్ తోకచుక్క కనిపించాయి. హిందూపురం నుంచి ధర్మవరం పోయే ఎక్స్‌ప్రెస్‌లు కొన్ని పెనుకొండలో ఆగవు చూడండి, ఇవీ అంతే. మన సూర్యుడి పక్కగా పోతాయి, మళ్లీ రావు. వాటిలో జీవం ఉందనడానికి ఆధారమేమీ దొరకలేదు.

ఈ సంగతి తేల్చుకోవాలని మన హైదరాబాదులోనే ఒక పరీక్ష చేశారు. దివంగత శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ ఆధ్వర్యంలో, ఇస్రో తోడ్పాటుతో, 2005 ఏప్రిల్‌లో పెద్ద బెలూను ఎగరేశారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని స్టీలు గొట్టాల్లో పట్టారు. ఆవకాయ జాడీకి మనం పడే జాగ్రత్త ఏపాటిది! ఆ గొట్టాల్లో ముందే ఒక్క క్రిమి కూడా లేకుండా శుద్ధి చేశారు. ఆ గాలిని హైదరాబాదు సీసీఎంబీలో, పుణెలో విడివిడిగా పరీక్షించారు. అంతకుముందు ఎవరూ ఎరగని బాక్టీరియా మూడు రకాలు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట్ట పేరు, మరొకదానికి ఫ్రెడ్ హాయిల్ అనే శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు.

మరి అవి పైలోకం నుంచి వచ్చినట్టేనా? అలాగని రుజువు కాలేదని ఇస్రోనే చెప్పింది. తర్వాత ఆర్యభట్ట పేరుగల రకం మట్టిలోనూ, మొక్కల వేళ్ల దగ్గరా దొరికింది. అంటే భూమి నుంచే పైకి పోయి ఉండొచ్చు. బ్రెజిల్‌లో ఇప్పుడు మొక్కజొన్న ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకోవాలని ఆ రకాన్నే వాడుతున్నారు. వానల్లేక శనక్కాయ చేలు ఎండిపోవడం చూసిన మన సీమ ఆడవాళ్లకు ఆ కబురు విలువ వేరే చెప్పాలా?

గ్రహాంతర జీవులు దొరికాయని టీవీలో చెబితే పిల్లలు పరుగెత్తుకొస్తారు. కొట్టిపారేయకండి, వెంటనే నమ్మేయకండి. "పట్టిన గిన్నె శుభ్రమేనా? రెండో చోట పరీక్షించారా?" అని వాళ్లనే అడగమనండి.