సాలెగూటిలో వెండిదొంగ

వర్షములు వెనుకబట్టిన పిదప డొంకలవెంటను, తోటలలోని చెట్ల నడుమను రెండుమూరల వెడల్పుగల పెద్ద సాలెగూళ్లు కానవచ్చుచుండును. ఎండ తగిలినప్పుడు వాని దారములు పసిడివన్నెతో మెఱయును. వీనిని అల్లునది నెఫిలా అను పెద్ద సాలీడు. ఆడుదాని శరీరము 3 మొదలు 5 సెంటీమీటర్ల పొడవుండును.

అట్టి గూటి అంచులను నిదానించి చూచినచో, ఒక్కొక్కచోట జొన్నగింజంతటి చిన్న సాలీళ్లు తలక్రిందులుగా వ్రేలాడుచుండును. అవి పెద్దదాని పిల్లలని తోచును గాని, నిజమునకు వేఱొక జాతికి చెందిన దొంగలు. శాస్త్రజ్ఞులు వీనిని ఆర్గిరోడిస్ అని పిలుతురు. గ్రీకుభాషలో వెండివంటిదని దాని భావము. వీనిలో పెక్కింటి పొట్టపై వెండి మెఱుపుండుటచే ఈ పేరు వచ్చినది. మన దేశమునుండి జపానువఱకు వ్యాపించియున్న ఒక జాతికి ఎఱ్ఱని పొట్టపై వెండిచుక్కలుండును.

ఈ దొంగ వేటకై సొంతగూడు అల్లుటకు మాఱు, పెద్దదాని గూటి అంచునుండి నడిమికి కొన్ని సన్నని దారములు కట్టుకొనును. పెద్దసాలీడు చిక్కిన పురుగును చుట్టుచున్నప్పుడు కలుగు కదలిక ఆ దారములద్వారా దొంగకు తెలియును. పెద్దది మఱియొక పురుగువైపు పోగానే ఇది మెల్లగా వచ్చి, చుట్టియుంచిన ఆహారమును దారములు త్రెంచి తీసికొనిపోవును. యజమాని లెక్కచేయని చిన్నపురుగులనుగూడ ఏరుకొనును. కొన్ని జాతులు గూటి దారమునే తినివేయును. పెద్దసాలీడు కుబుసము విడిచి నిస్సహాయముగా నున్నప్పుడు దానినే భక్షించునవియు గలవు.

దొంగలు కొద్దిగా నున్నంతకాలము గూడు నిలుచును. అవి హెచ్చినకొలది యజమానికి ఆహారము తగ్గి, తుదకు ఆ గూటిని విడిచి వేఱొకచోట కొత్తగూడు అల్లుకొనును. అప్పుడు దొంగలకును ఆ చోట జీవనాధారము పోవును. ఉమ్మడి చెఱువును, బంజరును కాపాడవలసిన పంచాయతీ సభ్యులకు ఈ సంగతి కొత్తది కాదు.

ఈ దొంగను చూచి సాలెగూళ్లను దులిపివేయుట తగదు. సాలీళ్లు పైరునకు మేలు చేయు ప్రాణులు. వరిచేలలో సుడిదోమ వంటి పురుగులను తిని అవి రైతునకు తోడ్పడుచున్నవి. విచక్షణలేక చల్లిన పురుగుమందు చీడతోపాటు సాలీళ్లనుగూడ చంపును. కావున పైరును పరీక్షించి, అవసరమైనప్పుడే మందు వాడవలెనని సభ్యులు తమ గ్రామములలోని రైతులకు తెలియజెప్పుదురుగాక.