పటం మిగిలింది, పాట ఏదీ?

జనగామ దగ్గరి మా వాడకు డక్కలివారు వచ్చినప్పుడు రెండు గుంజల మధ్య పటం వేలాడేది. ఎర్రటి నేల మీద జాంబవంతుని కథ బొమ్మ వెంట బొమ్మగా దిగుతుంటే పక్కన కిన్నెర మోగేది. మాదిగల ఆదిపురాణాన్ని మాదిగలకే చెప్పే ఆశ్రిత కులం అది. బొమ్మ ముందా, పాట ముందా అన్న ప్రశ్న మాకు తోచేదే కాదు.

ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక గ్రంథాలయంలో జాకబ్ లారెన్స్ చిత్రాల పుస్తకం తెరిచినప్పుడు ఆ పటమే కళ్లముందు కదిలింది. అమెరికా దక్షిణాది పల్లెల నుంచి ఉత్తరాది నగరాలకు నల్లజాతి ప్రజలు సాగించిన మహావలసను హార్లెంలో పెరిగిన ఆ యువకుడు 1940-41లో 60 పలకలపై చిత్రించాడు. అన్ని పలకలనూ ఒకేసారి పరచుకొని, ఒక రంగును అన్నిటిలోనూ అద్దాకే మరో రంగు ముట్టుకునేవాడు. జనగామ పొరుగున చేర్యాల నకాషీలు పటం పొడవునా ఒకే ఎర్రనేల పరచడమూ కథ తెగకుండా ఉండేందుకే కావచ్చు.

లారెన్స్ పదిహేనో పలకలో ఒక మోడుకొమ్మ, దానికి ఉరితాడు, కింద ముడుచుకొని కూర్చున్న ఒక మనిషి. శవం లేదు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనం గోడల మీద చూసిన బొమ్మల్లో శవాలే ఎక్కువ. ఆ ఆగ్రహాన్ని నేను తప్పుపట్టను. కానీ మిగిలినవాళ్ల దుఃఖం ఎక్కడ గీశాం?

రోమేర్ బియర్డెన్ మరో అడుగు వేశాడు. చిత్రకారుడు స్టూవర్ట్ డేవిస్ సలహాతో జాజ్ విద్వాంసుడు ఎర్ల్ హైన్స్ పియానో విని, స్వరాల మధ్య ఆయన వదిలే మౌనాన్ని పట్టుకున్నాడు. జాజ్ ఆయనకు వస్తువు మాత్రమే కాదు, చిత్రాన్ని కట్టే పద్ధతి. మన గ్యాలరీల్లోనూ డప్పు కనిపిస్తుంది: తలపాగా, చెమట మెరిసే నల్లని ఒళ్లు, పండుగ. ఆ మనిషి ఏ వాడవాడో, ఎవరి చావుకు కొడుతున్నాడో ఉండదు. చిర్ర దెబ్బకూ చిటికెనపుల్ల దెబ్బకూ మధ్య వ్యవధి తెలిసినవారి చేతికి కుంచె అందిందెప్పుడు?

లారెన్స్ పలకల్లో బేసి సంఖ్యలవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ సంగ్రహాలయానికి, సరి సంఖ్యలవి న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయానికి చేరాయి. విడిపోయినా ప్రతి పలకకూ ఆయన రాసిన వాక్యం వెంటే ఉంది. మన పటానికి ఆ భాగ్యం లేదు. బొమ్మ ముసుగై, కీచైనై డ్రాయింగ్ రూముకు చేరింది; కథకుడు కూలికి పోయాడు.

వలస మనకు మాత్రం తక్కువా? మా చిన్నాయన భూపాలపల్లి బొగ్గుబాయికి పోయాడు. మేనత్తలు మానుకోట మిరపచేలకు ఏరుడుకు పోయేవారు. వీటిని పటం కట్టమని చిన్నాయన కొడుకుకు పొడవాటి గుడ్డ కొనిచ్చాను. బడి గోడల మీద బొమ్మలు వేసే పిల్లాడు.

మొదటి గడిలో వాడు నెగడు గీశాడు. పక్కన నేల మీద డప్పు. కొట్టే మనిషి లేడు. ఎందుకని అడిగాను.

‘చావుకు కొట్టుడు మా నాయన తోనే బంద్ అయింది అన్నా. బొమ్మల మళ్ల ఎట్ల కొట్టిస్త?’ అన్నాడు. రెండో గడి ఇంకా ఖాళీగానే ఉంది.