‘రాలేదు’కి అర్థం ఎక్కడ వెతకాలి? నిఘంటువు వెనక భాషాశాస్త్రం

రాయ్‌పూర్‌లోని శంకర్ నగర్‌లో పెరుగుతున్న ఒక తెలుగు పాపను ఊహించుకోండి. బడిలో హిందీ, ఇంగ్లీషు. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. తెలుగు వినిపించేది ఇంట్లోనే. అమ్మ ఫోనులో ‘బస్సు ఇంకా రాలేదు’ అంటుంది. ఆ మాటకు అర్థం కోసం పాప నిఘంటువు తెరిచిందనుకుందాం. ‘రాలేదు’ అక్కడ దొరకదు. దగ్గర్లో కనిపించేది ‘రాలు’. అంటే ఆకులో, పళ్లో కింద పడటం. నిజానికి ఆమె చూడాల్సింది ‘వచ్చు’ దగ్గర. రాలేదు, రావాలి, వస్తాడు, వచ్చింది అన్నీ ఒకే క్రియకు రూపాలని ముందే తెలిసినవాళ్లే ఆ పేజీకి చేరగలరు. తెలుగు వచ్చినవాళ్లకు ఇది సమస్యగా తోచదు. తెలుగు నేర్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం నిఘంటువు గడపలోనే అడ్డు తగులుతుంది.

నిఘంటువంటే మాటల జాబితా అనుకుంటాం. కానీ జాబితా రాయడానికి ముందే కొన్ని ప్రశ్నలు తేల్చుకోవాలి. ఏది ఒక మాట? దాని ఏ రూపాన్ని ఆరోపంగా, అంటే అర్థం చెప్పడానికి ఎత్తి చూపే ముఖ్యపదంగా పెట్టాలి? ఎవరి నోటి మాటలు చేర్చాలి? ఇవన్నీ భాషాశాస్త్ర ప్రశ్నలే. నిఘంటుకారుడు ఆ శాస్త్రం చదివినా చదవకపోయినా వీటికి జవాబు ఇవ్వక తప్పదు.

‘పట్టు’నే తీసుకోండి. పట్టుచీర, పట్టుదల, గంట పట్టింది, తుప్పు పట్టింది. ఇది ఒక మాటా, రెండా? చీరలోని పట్టు సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చింది. పట్టుకోవడంలోని పట్టు ద్రావిడ ధాతువు. కాబట్టి పుట్టుక వేరైన రెండు మాటలు ఒకేలా వినిపిస్తున్నాయి. తుప్పు పట్టడం, గంట పట్టడం మాత్రం ఒకే మాటకు పెరిగిన అర్థాలు. మొదటిదాన్ని రెండు ఆరోపాలుగా విడదీయాలి, రెండోదాన్ని ఒకే ఆరోపం కింద వరుసగా చెప్పాలి. ఈ తేడా తేల్చకపోతే ఆ పేజీ కలగాపులగం అవుతుంది.

ఎవరి మాటలు చేర్చాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించి, అన్యభాషల నుంచి తెలుగులో కలిసిన మాటలకు 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు తెచ్చాడు. మాటలు కలిసే వాడుతున్నా పుస్తకాలు విడిపోయాయి. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ గ్రంథభాష వైపు నిలబడింది. ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ మొదటి సంపుటి 1936లో వచ్చింది. దాని సారథి జయంతి రామయ్య పంతులు గ్రాంథికవాదుల్లో ముఖ్యుడు. ఎనిమిది సంపుటాల ఆ మహా నిఘంటువులో వ్యవహార భాషకు తగిన చోటు దక్కలేదన్న విమర్శ అందుకే వచ్చింది.

అవతలి పక్షాన ఉన్న గిడుగు రామమూర్తి కూడా నిఘంటుకారుడే. కావ్యాల దన్ను లేని సవర భాషను జనం నోట విని నేర్చుకున్నాడు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. భాష ఉండేది మాట్లాడేవాళ్ల నోటనే అన్న ఆయన వాదానికి ఆ పుస్తకమే రుజువు.

ఆ దారిని భద్రిరాజు కృష్ణమూర్తి శాస్త్రీయంగా తెలుగుకు తెచ్చారు. ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో ‘మాండలిక వృత్తిపదకోశం’ 1962లో వచ్చింది. కోస్తాలో నాగలి అనేదాన్ని రాయలసీమలో మడక అంటారు. ఏది సరైనదని పాత పద్ధతి అడుగుతుంది. ఏది ఎక్కడిదని కొత్త పద్ధతి అడుగుతుంది. ప్రశ్న మారగానే రైతు మాట తప్పుల పట్టిక నుంచి బయటపడి నిఘంటువులోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1961లో, అమెరికాలో వెబ్‌స్టర్ మూడో అంతర్జాతీయ నిఘంటువు మీద దుమారం రేగింది. జనం వాడే మాటలను తప్పొప్పుల తీర్పు లేకుండా నమోదు చేసిందన్నది దానిపై వచ్చిన ఫిర్యాదు.

సిద్ధాంతం నిఘంటువుకు దారి చూపినట్టే, నిఘంటువు సిద్ధాంతానికి ముడిసరుకు ఇస్తుంది. తెలుగులో నాలుగు మాండలిక మండలాలను గుర్తించడానికి రైతుల నుంచి సేకరించిన ఆ పదాలే ఆధారమయ్యాయి. బరో, ఎమెనో కలిసి 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు సోదర భాషల మాటలను పక్కపక్కన నిలబెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ వైపు మాట్లాడే గోండిలో ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగులో ‘ఏరు’ అంటే వాగు, నది. ఇలాంటి పోలికలతో పాటు ధ్వనుల, వ్యాకరణ రూపాల పోలికలనూ పరిశీలించి, తెలుగు, గోండి ఒకే ఉపశాఖకు చెందుతాయని భద్రిరాజు నిరూపించారు. శంకర్ నగర్ పాప పరాయి రాష్ట్రంలో ఉన్నా, ఆమె భాషకు చుట్టాలు అక్కడే ఉన్నారన్నమాట.

అయితే సిద్ధాంతం ఒక్కటే నిఘంటువును పూర్తి చేయదు. పేజీలకు, డబ్బుకు, కాలానికి హద్దులుంటాయి. ఏదో ఒకచోట ఆపాలి. ఎక్కడ ఆపాలో చెప్పాల్సింది పాఠకుడి అవసరం. ఇప్పుడు పాత నిఘంటువులు అంతర్జాలంలోకి వచ్చాయి, వెతకడం క్షణాల పని అయింది. కానీ తెర మీదికి ఎక్కినంత మాత్రాన 1885 నాటి ఎంపిక మారదు. అప్పుడు వదిలేసిన మాట ఇప్పుడూ దొరకదు. ‘రాలేదు’ అని కొడితే ‘వచ్చు చూడండి’ అని చూపే ఒక్క వాక్యం చేరిస్తే చాలు, ఆ పాపకు దారి దొరుకుతుంది. ఆ వాక్యం రాయడానికి కావాల్సింది భాషాశాస్త్రం. రాయాలని తోచడానికి కావాల్సింది ఆ పాప గుర్తుండటం.