మంచు పట్టిన తుపాకి

పుష్యమాసం వచ్చేసరికి వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల చేన్లలో యాసంగి పల్లి ఊడలు దిగి కాయ పట్టి ఉంటుంది. అడవిపందులకు ఇంతకు మించిన పండుగ లేదు. మంద దిగితే తెల్లారేలోపు చాళ్లకు చాళ్లు మూతితో పెళ్లగించి పోతుంది. అందుకే పాలమూరు రైతు మంచె మీద కాపలా ఉండే కాలం, చలి ఎముకలు కొరికే కాలం ఒక్కటే. వెనకట ఆ మంచె మీద ఒక నాటు తుపాకి కూడా ఉండేది. దొంగచాటుగా ఇప్పటికీ అక్కడక్కడా ఉంటూనే ఉంది. చలిరాత్రి ఆ తుపాకి చేతిలో ఉంటే పందికన్నా మనిషికే ఎక్కువ ముప్పు.

చలికి తుపాకులు మొరాయించడం అనగానే సియాచిన్ గుర్తొస్తుంది. 1941 చలికాలంలో మాస్కో ముంగిట జర్మన్ సైనికుల ఆయుధాల్లో నూనె గడ్డకట్టి అవి పేలకుండా పోయాయి. మన దగ్గర అంత చలి ఏ జన్మకూ రాదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పది పన్నెండు డిగ్రీలంటేనే మనం వణికిపోతాం. అమ్రాబాద్ గుట్టల మీద ఇంకొంచెం తక్కువ. ఆ చలికి ఇనుము బిగుసుకోదు. ఇక్కడ తుపాకిని చెడగొట్టేది తేమ.

రాత్రంతా ఆకాశం కింద ఉన్న ఇనప గొట్టం చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుంది. పల్లాకు మీద కురిసినట్టే దాని మీదా మంచు కురుస్తుంది. పొద్దున దాన్ని తెచ్చి పొయ్యి మండుతున్న ఇంట్లో మూలకు ఆనిస్తే, ఆ వెచ్చటి గాలిలోని ఆవిరి చల్లటి ఇనుముకు తగిలి గొట్టం లోపలా బయటా చెమట పడుతుంది. పైచెమట గుడ్డతో తుడుస్తారు. లోపలిది అట్లాగే ఉండి తుప్పవుతుంది. బయట నుంచి తెచ్చిన తుపాకిని పొయ్యికి దూరంగా గంటసేపు వదిలి, ఆ తర్వాత లోపలా బయటా తుడవాలి. అనుభవం ఉన్న వేటగాళ్లు ఎక్కడైనా చేసే పని ఇదే.

మూతి నుంచి కూరే తుపాకిలో వాడేది నల్లమందు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందు అది. శుద్ధమైన సురేకారం గాలిలో తేమ తొంభై శాతం దాటితే తప్ప నీరు పట్టదు. నాటు సరుకులో ఉప్పు కలిసి ఉంటే అంతకు చాలా ముందే చెమ్మగిలుతుంది. చలికాలపు తెల్లవారుజామున చెరువు కింద పొలాల్లో తేమ తొంభై దాటడం మామూలే. అప్పుడు మందుకు నిప్పంటించే టోపీ టప్పుమంటుంది, లోపలి మందు అంటుకోదు. ఒక్కోసారి క్షణమో రెండు క్షణాలో ఆగి అంటుకుంటుంది. ప్రాణాలు పోయేది ఆ ఆగిన క్షణాల్లోనే. పేలలేదనుకుని మూతిలోకి తొంగి చూసినవాడూ, పాత మందు మీదే మళ్లీ మందు కూరి గొట్టం పగలగొట్టుకున్నవాడూ బలయ్యేది ఇట్లాగే. పేలని తుపాకి మూతిని ఖాళీ నేలవైపు తిప్పి, కనీసం ఒక నిమిషం కదలకుండా పట్టుకోవాలి. ఈ తుపాకికి ఇదే నియమం.

ఇక నూనె. ఊళ్లో చేతికందేది కొబ్బరినూనె, లేకపోతే ఆముదం. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. చలికాలం సీసాలో గడ్డకట్టే ఆ నూనె ట్రిగ్గర్ కీళ్లలో మాత్రం కరిగే ఉంటుందా? పాలమూరు ఆముదాలకు పేరున్న నేల. ఆముదం గడ్డకట్టదు గానీ, 40 డిగ్రీల దగ్గర ఉన్నదానికన్నా 10 డిగ్రీల దగ్గర పదింతలు చిక్కనవుతుంది. ఆ చిక్కదనంలో స్ప్రింగు దెబ్బ మెత్తబడి, టోపీ పేలీ పేలకుండా పోతుంది. పల్చటి తుపాకి నూనె, అదీ ఒక పూత చాలు.

విచిత్రమేమంటే, నిజాం రాజ్యంలో పెద్ద వేటలకు చలి కన్నా ఎండే తలనొప్పి. పులివేటకు ఎండాకాలమే అదను. గడ్డి ఎండిపోతుంది, నీళ్లు రెండు మూడు మడుగుల్లోనే మిగులుతాయి, పులి అక్కడికే రావాలి. వరంగల్ దగ్గర నెక్కొండలో వైస్రాయ్ కర్జన్ వేటను లాలా దీన్‌దయాళ్ ఫొటో తీసింది 1902 ఏప్రిల్‌లో. 1889లో వచ్చిన కార్డైట్ మందు ఎండకు అదుపు తప్పి మండేది. ఒత్తిడి పెరిగి, కాల్చిన తూటా తొడుగు గొట్టం వెనక గదిలో ఇరుక్కుపోయేది. గాయపడ్డ పులి ఎదురుగా ఉన్నప్పుడు అది ఇరుక్కుంటే ఇక చెప్పేదేముంది? అందుకే బ్రిటిష్ కంపెనీలు వేడి దేశాలకని మందు తగ్గించిన తూటాలు వేరే చేశాయి. చలికాలం వంతు చెరువుల మీద వాలే వలస బాతులది, కంజులది. ఆ వేటకు వాడే తూటాలు ఆ రోజుల్లో అట్టవి. మంచుకు ఉబ్బితే గొట్టంలోకి దూరేవి కావు.

చలికి తూటా వేగం తగ్గడమూ నిజమే. 40 డిగ్రీల ఎండకూ 10 డిగ్రీల చలికీ మధ్య సెకనుకు ఇంచుమించు 15 మీటర్లు తగ్గవచ్చు. గాలి కూడా పదో వంతు చిక్కనవుతుంది. మూడు నాలుగు వందల మీటర్ల దూరానికి అది లెక్కలోకి వస్తుంది. చేనుగట్టు నుంచి నలభై మీటర్ల దూరంలో ఉన్న పందికి దానివల్ల వచ్చే తేడా ఏమీ లేదు. ఇక్కడ పందిని గాయంతో వదిలేది తడిసిన మందు. గాయపడ్డ పంది తెల్లారి చేనుకొచ్చిన కూలీల మీద పడుతుంది.

నల్లమలలో చెంచులకు ఈ బాధ ఉండేది కాదు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో అచ్చువేసిన పుస్తకంలో కనిపించే చెంచు చేతిలో ఉన్నది విల్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేటకూ దారి మూసుకుపోయింది. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఇప్పుడు తుపాకి చప్పుడు వినపడిందంటే అది నేరమే.

రైతు సంగతి అంత తేలికగా తెగదు. 1959 ఆయుధాల చట్టం పంట కాపలాకు మూతి నుంచి కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు, దానికి అనుమతి వేరే కావాలి. అది దొరక్క, పంట పోతుంటే చూడలేక, కొందరు గట్టు వెంట కరెంటు తీగ లాగుతారు. అట్లాంటి తీగలకు పందులతో పాటు పక్క చేను రైతులూ పోయారు. తీగ కన్నా, తడిసిన నాటు తుపాకి కన్నా, అనుమతి ఉన్న షూటరు పొడి తూటాతో రావడం వెయ్యి రెట్లు మేలు. కానీ ఆ షూటరు ఊరికి చేరేది పంట పోయాక కాకూడదు. సర్కారు చేతిలో ఉన్న పని ఇది, పల్లి ఊడ దిగకముందే కావలసిన పని.

ఇంకొకటి. 2018 డిసెంబరు 7న, 2023 నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్‌లో అప్పగించాలి. రెండుసార్లూ అది యాసంగి పల్లి నేలలో ఉన్న కాలమే. వారాల తరబడి గోడకు ఆనించి ఉంచిన తుపాకి చలి తేమకు లోపల ఎట్లా ఉందో చూడకుండా, ఇంటికి తెచ్చిన రాత్రే మంచె ఎక్కవద్దు. పుల్లకు చుట్టిన పొడి గుడ్డను మూతి నుంచి గొట్టం అడుగుదాకా దింపి బయటికి లాగాలి. గుడ్డకు ఎర్రగా తుప్పు అంటితే, తుపాకుల మిస్త్రీకి చూపించేదాకా దాన్ని పేల్చకూడదు.