“ఒకటి రెండు చోట్ల” అంటే మన ఊరు కాదా?

వరి కోశారు. వడ్లు కల్లంలో పోశారు. మిరపకాయలు ఎండలో ఆరుతున్నాయి. మామిడికాయ ఇంకా చెట్టు మీదే ఉంది. ఎండాకాలం మొదట్లో ఇలాగే ఉంటుంది. పంట చేతికి వస్తుంది గానీ ఇంటికి చేరదు. సరిగ్గా అప్పుడే గాలివాన వస్తుంది.

రేడియో ముందే చెబుతుంది. “రాగల వారం రోజుల్లో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి.” మనమూ వింటాం. “ఒకటి రెండు చోట్లే కదా, మన ఊళ్ళో పడదులే” అనుకుంటాం. వడ్ల మీద పట్టా కప్పకుండానే పడుకుంటాం.

అసలు ఆ మాటలకు అర్థం ఏమిటి?

వాన కొలిచే కేంద్రాలు చాలా ఊళ్ళలో ఉంటాయి. అందులో నాలుగో వంతు లోపు కేంద్రాల్లో వాన పడేలా ఉంటే “ఒకటి రెండు చోట్ల” అంటారు. సగం లోపు అయితే “కొన్ని చోట్ల” అంటారు. అంటే వంద ఊళ్ళుంటే సుమారు పాతిక ఊళ్ళ దాకా వాన పడవచ్చు. ఆ పాతికలో మన ఊరు ఉండదని ఎవరూ చెప్పలేదు.

“మోస్తరు” అనే మాట కూడా మనల్ని మోసం చేస్తుంది. రోజు మొత్తం మీద సుమారు 16 మిల్లీమీటర్ల నుంచి 64 మిల్లీమీటర్ల దాకా పడితే అది మోస్తరు వాన. ఆరు సెంటీమీటర్లు పడినా వాళ్ళ లెక్కలో మోస్తరే! కల్లంలో వడ్లు నానడానికి అంత కూడా అక్కర్లేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. ఒక్క రాత్రి వానకు పది రోజుల ఎండబెట్టిన కష్టం పోతుంది.

మరి ఏ ఊళ్ళో పడుతుందో ముందే ఎందుకు చెప్పరు? ఎసరు మరిగేటప్పుడు చూడండి. బుడగలు వస్తాయని మనకు తెలుసు. ఏ బుడగ కుండలో ఏ మూల లేస్తుందో చెప్పగలమా? ఈ వాన కూడా అంతే. పొద్దుటి నుంచి ఎండకు నేల కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ గాలి వస్తుంది. రేడియోలో “ద్రోణి” అంటారే, అది గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ. చుట్టూ ఉన్న గాలులు అక్కడికి చేరి పైకి లేస్తాయి. పైకి పోయిన తేమ చల్లబడి మేఘం అవుతుంది. ఆ మేఘం పది కిలోమీటర్ల ఎత్తు దాకా కూడా పెరుగుతుంది. వెడల్పు మాత్రం కొద్ది కిలోమీటర్లే. గంటా రెండు గంటల్లో కురిసి పోతుంది. అందుకే మన ఊళ్ళో కుండపోత, పక్క ఊళ్ళో దుమ్ము. నేల బాగా కాగేది మధ్యాహ్నానికి కాబట్టి ఈ వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి.

కాబట్టి వారం కబురు విని కోత ఎప్పుడు పెట్టుకోవాలో ఆలోచించాలి. పట్టాలు సిద్ధం చేసుకోవాలి. తర్వాత ఏ రోజు కబురు ఆ రోజు వినాలి. అందులో రంగులు చెబుతారు. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. ఇక రాగల మూడు గంటల కబురు వేరేగా ఉంటుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాదులలో రాడార్లు ఉన్నాయి. అవి లేచిన మేఘాన్ని చూపిస్తాయి. ఆ కబురు సెల్‌ఫోనుకు వస్తుంది. పిడుగుల కోసం “దామిని” అనే యాప్ కూడా ఉంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫోనులో పెట్టమనండి.

ఈ వాన అందరికీ చెడ్డది కాదు. “భరణి కురిస్తే ధరణి పండును” అన్నారు పెద్దలు. మెట్ట రైతు వేసవి దుక్కికి ఈ పదును కోసమే ఎదురు చూస్తాడు. చెడ్డది పిడుగు. 2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. పిడుగు ఎక్కువగా ఆరుబయట పని చేసేవాళ్ళ మీదే పడుతుంది. గొర్రెల కాపరి, కల్లు గీసే అన్న, కూలికి పోయిన అక్క వాన రాగానే ఎక్కడికి పోతారు? చెట్టు కిందికి! అదే ప్రమాదం. చేనులోని గుడిసె కూడా పిడుగును ఆపదు. పక్కా ఇంట్లోకి పోవాలి.

మెరుపు కనిపించాక అంకెలు లెక్కపెట్టండి. మూడు లెక్కపెట్టేసరికి ఉరుము వినిపిస్తే పిడుగు కిలోమీటరు దూరంలో పడినట్టు. ముప్పై లోపు వినిపిస్తే ఇక ఆగకూడదు. పని వదిలి రావాలి. ఇల్లు అందకపోతే చెట్టుకు, కరెంటు స్తంభానికి, ఇనుప కంచెకు దూరంగా పోండి. పాదాలు దగ్గర పెట్టి, తల వంచి, గొంతు కూర్చోండి. నేల మీద పడుకోవద్దు. పది మంది ఒకే చోట గుమిగూడవద్దు. ఉరిమితే మనం అర్జునుడి పేర్లు చదువుతాం. చదువుకోండి, కానీ ఇంట్లోకి వచ్చి చదవండి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని కొందరు దగ్గరికి పోరు. అది తప్పు. ఆ ఒంట్లో కరెంటు ఉండదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఊపిరి ఆడకపోతే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు.

వాన వెలిసింది కదా అని వెంటనే కల్లానికి పరుగెత్తకండి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. తర్వాత పట్టా తీసి, రాశి అడుగున చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే రాశి విప్పి, పలుచగా పరిచి, తిరగేస్తూ ఆరబెట్టండి. సాయంత్రం మళ్ళీ రేడియో పెట్టండి.