లోడు మీద చూడాల్సిన వోల్టేజీ

1983 జూలై 15న జపాన్‌లో నింటెండో కంపెనీ ఫామికామ్ అనే వీడియో గేమ్‌ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది రామగుండం ఎన్టీపీసీలో మొదటి 200 మెగావాట్ల యూనిట్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ తొంభైల్లోకి వచ్చేసరికి ఫామికామ్ నకళ్లు సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దేశమంతా అమ్ముడయ్యాయి. రామగుండం పరిసరాల్లో, అంటే గోదావరిఖనిలో, సింగరేణి క్వార్టర్లలో, జ్యోతినగర్‌లో పెరిగిన పిల్లలు వాటిని టీవీ గేమ్ అన్నారు. లోపల పెట్టే కార్ట్రిడ్జిని క్యాసెట్ అన్నారు. గోడ ప్లగ్గుకు పెట్టే నల్లటి బరువైన డబ్బా ఎలిమినేటర్. అప్పటి పిల్లలు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. అటక మీది పెట్టెను దించి దుమ్ము దులిపి తమ పిల్లలకు చూపిద్దామనుకుంటే అది వెలగదు, వెలిగినా బొమ్మ నిలవదు.

రిపేరు దుకాణంలో ఇలాంటి పెట్టె బల్లమీదికి వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: "టీవీ మంచిగనే వస్తున్నదన్నా, గేమే ఖరాబైంది." వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒకే స్విచ్‌బోర్డు మీద రెండూ ఉన్నాయి, ఒకటి నడుస్తోంది, కాబట్టి తప్పు రెండోదానిదే. కానీ ఈ తర్కం చెల్లదు. ఆ కాలపు రంగుల టీవీల్లో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఉండేది. గోడలో 230 వోల్టులున్నా, 160 ఉన్నా అది సర్దుకుని తనకు కావాల్సింది తయారు చేసుకుంటుంది. ఎలిమినేటర్‌కు ఆ తెలివి లేదు. అందులో ముఖ్యంగా ఉండేది ఇనుప కోరు మీద చుట్టిన రెండు రాగి చుట్టలు. గోడలో వోల్టేజీ మూడోవంతు తగ్గితే దాని చివరా మూడోవంతు తగ్గుతుంది. టీవీ బాగుండటం కరెంటు బాగుందనడానికి సాక్ష్యం కాదు.

కరెంటు దారి చిన్నదే. గోడలోని 230 వోల్టుల ఏసీని ట్రాన్స్‌ఫార్మర్ 9 వోల్టులకు దించుతుంది. నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిక్కున ప్రవహించేలా చేస్తాయి. కెపాసిటర్ ఎగుడుదిగుళ్లను చదును చేస్తుంది. చివర్లో 7805 అనే మూడుకాళ్ల రెగ్యులేటర్ కచ్చితంగా 5 వోల్టులు చేసి చిప్పులకు అందిస్తుంది. అసలు ఫామికామ్ తీసుకునే శక్తి దాదాపు 4 వాట్లు. అంటే ఒక్క యూనిట్ కరెంటుతో 250 గంటలు ఆడుకోవచ్చు. ఆ యూనిట్ కోసం రామగుండంలో కాలేది కిలోకు లోపు బొగ్గే.

ఎలిమినేటర్ మీద '9 వోల్టులు' అని రాసి ఉంటుంది. దాన్ని ప్లగ్గులో పెట్టి, గేమ్‌కు కలపకుండా, మీటర్ పెడితే 12 లేదా 13 చూపిస్తుంది. చాలామంది ఇక్కడే తృప్తిపడి "ఎలిమినేటర్ ఓకే" అని పక్కన పెట్టేస్తారు. నిజానికి ఆ అంకెకు విలువ చాలా తక్కువ. చుట్టలోని రాగికి నిరోధం ఉంది. కరెంటు లాగినప్పుడు కొంత వోల్టేజీ అక్కడే పోతుంది. 9 అనేది ఆ లాగుడు ఉన్నప్పటి లెక్క. గనిలో పనిచేసే ఎలక్ట్రీషియన్‌కు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రం ఆగి ఉన్నప్పుడు పొడవాటి కేబుల్ చివర 550 వోల్టులు నిండుగా కనిపిస్తాయి. మోటారు లాగడం మొదలుపెట్టాకే కేబుల్ సత్తా బయటపడుతుంది. గేమ్ విషయంలోనూ అంతే. మీటర్ ముళ్లు పెట్టాల్సింది గేమ్ ఆన్‌లో ఉండగా, క్యాసెట్ లోపల ఉండగా. విరగడానికి సిద్ధంగా ఉన్న వైరు, పట్టు వదిలిన సోల్డరింగ్, తుప్పు పట్టిన స్విచ్చు లోడు లేనప్పుడు నిక్షేపంలా కనిపిస్తాయి.

ఇక కెపాసిటర్. డయోడ్లు దాటి వచ్చే కరెంటు సెకనుకు వందసార్లు ఎగసి పడుతుంది. మన దగ్గర ఏసీ 50 హెర్ట్జ్ కాబట్టి, రెండు దిక్కుల అలలూ కలిసి 100. బొగ్గు టబ్బులు ఆగి ఆగి వచ్చినా బంకర్ కింద బెల్టు మీద బొగ్గు ఆగకుండా పడుతున్నట్టు, అల ఎగసినప్పుడు కెపాసిటర్ నిండుతుంది, అల పడినప్పుడు తన దగ్గరున్నది వదులుతుంది. లోపల రెండు అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం ఆరిపోతుంది. వేడి దానికి మహా శత్రువు. ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాడే మోటు లెక్క. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, రేకుల గది అటక మీద ముప్పై వేసవులు గడిపిన కెపాసిటర్ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. కొన్నిటి నెత్తి ఉబ్బి కనిపిస్తుంది, కొన్నిటి కాళ్ల దగ్గర జిగురులాంటి గోధుమరంగు మరక ఉంటుంది. పైకి నున్నగా ఉండి లోపల ఎండిపోయినవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఒక చిన్న లెక్క వేద్దాం. గేమ్ 0.4 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఎలిమినేటర్‌లోదీ గేమ్‌లోదీ కలిపి 2200 మైక్రోఫారాడ్ల కెపాసిటర్లు ఉన్నాయనుకుందాం. 9 వోల్టుల ఏసీ శిఖరం 12.7. డయోడ్లు 1.4 తినేస్తాయి, మిగిలింది 11.3. తర్వాతి అల వచ్చేలోపు, అంటే సెకనులో వందోవంతులో, కెపాసిటర్ సుమారు 1.8 వోల్టులు జారుతుంది. అట్టడుగు 9.5. రెగ్యులేటర్ సరిగా పనిచేయాలంటే దాని ముందు కనీసం 7 వోల్టులు ఉండాలి. 9.5 ఉంది కాబట్టి ఏ బాధా లేదు.

సాయంత్రం ఏడింటికి కాలనీ అంతా కూలర్లు, కరెంటు పొయ్యిలు ఆన్ చేసిందనుకుందాం. ఫీడర్ చివరనున్న ఇంట్లో 160 వోల్టులే వస్తున్నాయి. శిఖరం 11.3 నుంచి సుమారు 7.4కు దిగింది. అందులోంచి అదే 1.8 తీసేస్తే అట్టడుగు 5.6.

ఇప్పుడు గోడలో నిండుగా 230 ఉందనుకుందాం. కానీ కెపాసిటర్లు ఎండిపోయి 700 మైక్రోఫారాడ్లకు పడిపోయాయి. శిఖరం 11.3 అలాగే ఉంది, జారుడు మాత్రం 5.7 అయింది. అట్టడుగు మళ్లీ 5.6!

ఒకచోట జబ్బు వీధి ట్రాన్స్‌ఫార్మర్‌లో, ఇంకోచోట వేలెడంత కెపాసిటర్‌లో. చిప్పుకు మాత్రం రెండూ ఒకటే: సెకనుకు వందసార్లు 5 వోల్టులకు బదులు 4 కంటే తక్కువ అందుతుంది. అలాంటి క్షణంలో మెమరీలోని అంకె ఒకటి తారుమారైతే మారియో గాల్లోనే నిలిచిపోతాడు, లేదా తెరంతా చెత్త అక్షరాలతో నిండిపోతుంది. పిల్లలు రీసెట్ నొక్కుతారు, రెండు నిమిషాలు ఆడుతుంది, మళ్లీ ఆగుతుంది.

రెండింటినీ విడదీయడం ఎలా? మీటర్‌ను డీసీలో పెట్టి రెగ్యులేటర్ ముందు కొలిస్తే అది సగటు చూపిస్తుంది. వీధి కరెంటు తక్కువైతే ఆరున్నర దగ్గర ఆగుతుంది. కెపాసిటర్ ఎండితే ఎనిమిదిన్నర దాకా చూపించి, అంతా బాగుందని నమ్మిస్తుంది. అందుకని ఎగుడుదిగుళ్లనూ కొలవాలి, అంటే మీటర్‌ను ఏసీలోకి మార్చాలి. ఇక్కడో మెలిక ఉంది. బజారులో దొరికే పసుపురంగు చవక మీటర్లు ఏసీ కొలిచేటప్పుడు డీసీని కూడా కలిపేసి అర్థంలేని అంకె చూపిస్తాయి. ముల్లుకు వరసలో ఒక చిన్న కెపాసిటర్ పెడితే డీసీ ఆగిపోయి అలలు మాత్రమే లోపలికి వెళ్తాయి. అంత ఓపిక లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. పాత కెపాసిటర్‌ను పీకకుండా, గేమ్ ఆపేసి, ప్లస్సుకు ప్లస్సు మైనస్సుకు మైనస్సు వచ్చేలా దాని మీదే కొత్త 1000 మైక్రోఫారాడ్‌ది తాత్కాలికంగా అతికించి ఆన్ చేయండి. బొమ్మ కుదురుకుంటే దొంగ దొరికినట్టే.

మీటరే లేకపోతే టీవీని చూడండి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో మన పాల్ పద్ధతి బొమ్మ సెకనుకు 50 సార్లు గీయబడుతుంది. 100 హెర్ట్జ్ అల అందులో కలిస్తే తెరకు అడ్డంగా రెండు మసక పట్టీలు కనిపించి మెల్లగా పైకో కిందికో పాకుతాయి. పట్టీ ఒక్కటే ఉంటే అల 50 హెర్ట్జ్‌ది అన్నమాట. నాలుగు డయోడ్లలో ఒకటి తెగి, సగం అలలే వస్తున్నాయని అనుమానించాలి. పైసా ఖర్చు లేకుండా ఇంత కచ్చితమైన ఆచూకీ ఇచ్చే పరికరం ఇంకోటి ఉండదు. ఆ పాత టీవీని పారేయకపోవడానికి ఇదొక్క కారణం చాలు. అయితే దాని వెనక డబ్బా మాత్రం విప్పొద్దు. అందులో ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటాయి, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిల్వ ఉంటాయి.

ఆన్ చేయగానే బాగా ఆడి, అరగంటకు చచ్చిపోయి, చల్లారాక మళ్లీ బతికే గేమ్‌ది మరో కథ. రెగ్యులేటర్ ముందు 10 వోల్టులు, వెనక 5. మధ్యలోని 5 వోల్టులూ ఎక్కడికి పోవాలి? 0.4 ఆంపియర్లతో గుణిస్తే 2 వాట్లు, అంతా వేడే. నాలుగు వాట్లలో సగం గేమ్ ఆడటానికి, సగం రెగ్యులేటర్‌ను కాల్చడానికి! రేకు బిగించని ఒట్టి 7805 ప్రతి వాటుకు సుమారు 65 డిగ్రీలు ఎక్కుతుంది, అంటే 130. దానికి గది వేడి 45 కలిపితే 175. ఆ స్థాయికి రాకముందే అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అందుకే దానికి అల్యూమినియం పలక బిగిస్తారు. పలకకూ దానికీ మధ్య రాసిన తెల్లటి పేస్టు ముప్పై ఏళ్లలో సుద్దలా ఎండిపోతుంది. తుడిచి కొత్తది రాసి, స్క్రూ బిగిస్తే సగం కేసులు తేలిపోతాయి. పలక మీద పేరుకున్న బొగ్గు దుమ్ము, బూడిద కూడా వేడిని పట్టి ఉంచుతాయి. మెత్తటి బ్రష్షుతో దులిపేయాలి. కాలనీ నిద్రపోయాక లైన్ వోల్టేజీ 250కి ఎగబాకే చోట్ల ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. ఎక్కువ వచ్చినదంతా రెగ్యులేటరే వేడిగా మార్చుకోవాలి మరి.

గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెల సంగతి వేరే చెప్పాలి. కరీంనగర్ ప్రాంతంలో ఏ వీధిలో చూసినా గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ఉంటారు. సౌదీలో చాలా చోట్ల 127 వోల్టుల కరెంటు ఉండేది. జపాన్‌లో ఇప్పటికీ 100. అక్కడి ఎలిమినేటర్‌ను మన 230లో నేరుగా పెడితే దాని ఇనుప కోరు ఇక మోయలేనంత అయస్కాంతత్వంతో నిండిపోతుంది. ఆ తర్వాత చుట్టకు అడ్డు చెప్పేది ఉండదు, కరెంటు వరదలా పారి నిమిషాల్లో వార్నిష్ కాలిన వాసన వస్తుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని ప్లగ్గు దగ్గరికే తీసుకెళ్లొద్దు. ఎలిమినేటర్ లేని పెట్టె దొరికితే పిన్ను పట్టిందని ఏదో ఒకటి తగిలించడం అంతకంటే ప్రమాదం. అసలు ఫామికామ్‌కు పిన్ను మధ్యలో మైనస్, చుట్టూ ప్లస్. ఇప్పుడు బజారులో దొరికేవాటిలో చాలావరకు దీనికి తిరగబడి ఉంటాయి. తలకిందులుగా పెడితే కెపాసిటర్ లోపలి సన్నటి ఆక్సైడ్ పొర కరిగిపోతుంది, వేడెక్కి పేలుతుంది. అమెరికాలో అమ్మిన నెస్ మోడల్‌కు ఏసీయే ఇస్తారు, డయోడ్లు గేమ్ లోపలే ఉంటాయి. ఆ ఎలిమినేటర్ ఫామికామ్‌కు పెడితే పని అయిపోయినట్టే. ఇక ఫోన్ చార్జర్: 5 వోల్టులే కదా అని పెడితే రెగ్యులేటర్ దాటేసరికి మూడున్నరో నాలుగో మిగులుతుంది. దెబ్బ తగలదు, పనీ జరగదు.

కెపాసిటర్ మార్చేటప్పుడు పాతదాని మీద 16 వోల్టులని ఉన్నా 25 వోల్టులది, 105 డిగ్రీలదని రాసి ఉన్నది తీసుకోండి. లోడు లేనప్పుడు, లైన్ ఎక్కువున్నప్పుడు శిఖరం 16కు దగ్గరపడొచ్చు. స్విచ్చును తేల్చడం సులువు. గేమ్ ఆన్‌లో ఉండగా స్విచ్చు రెండు కాళ్ల మధ్య కొలిస్తే దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనిపిస్తే లోపలి రాగి నల్లబడిందని అర్థం. పిన్ను దూర్చే జాక్ కాళ్ల చుట్టూ సోల్డరింగ్‌లో సన్నటి గుండ్రటి పగులు కోసం భూతద్దం పెట్టి చూడండి. పిన్ను కదిపినప్పుడల్లా వెలిగి ఆరే గేమ్‌లన్నీ దాదాపు ఈ బాపతే.

ఇన్ని చూశాక గేమ్ ఆన్‌లో ఉండగా, క్యాసెట్ సాకెట్ దగ్గర నేరుగా కొలిస్తే 4.75కూ 5.25కూ మధ్య నిలకడగా వస్తోంది, టీవీలో పట్టీలు లేవు, అయినా తెర ఖాళీ. అప్పుడు కరెంటును వెతకడం ఆపేయాలి. క్యాసెట్ పిన్నుల మీద బొగ్గు దుమ్ముకు తేమ తోడై పేరుకున్న పొర ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో రుద్దితే దూది నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా రుద్దాలి. నోటితో ఊదడం వల్ల పనిచేసినట్టు అనిపించేది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడం వల్లే. ఊపిరి తేమ మాత్రం పిన్నులకు తుప్పు తెచ్చి పెడుతుంది.