మల్లన్న కొండకు కాలినడక: ఎండకు దేహం అలవడే తీరు

ఏటా ఉగాదికి ముందు ఉత్తర కర్ణాటకలోని బాగల్‌కోట, బెళగావి, విజయపుర, రాయచూరు ప్రాంతాల నుంచి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలానికి తరలివస్తారు. భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా, మల్లికార్జునుణ్ణి అల్లుడిగా భావించే వీరు పసుపు కుంకుమలు, చీర సారెలు వెంట తెచ్చుకొని, కొందరు భుజాన కావడి మోస్తూ, మరికొందరు మరగాళ్లపైన నడుస్తూ, కర్నూలు, నంద్యాల జిల్లాల మైదానాలను దాటి, ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద నల్లమల అడవిలో ప్రవేశిస్తారు. అక్కడి నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే ఈ బాటలోనే శివరాత్రికి తెలుగు యాత్రికులూ నడుస్తారు గాని, ఉగాది నాటి ఎండ శివరాత్రి నాటి ఎండ కాదు. పైగా చాంద్రమానాన్ని అనుసరించే ఉగాది ఏటా ఒకే తేదీన రాదు. 2023లో మార్చి 22న వచ్చిన పండుగ, నడుమ అధికమాసం పడడంతో 2024లో ఏప్రిల్ 9న వచ్చింది. పగటి వేడి మార్చి చివరికే 40 డిగ్రీలకు చేరువయ్యే సీమలో ఈ 18 రోజుల తేడా చిన్నదేమీ కాదు.

ఎండలో నడిచే మనిషికి వేడి బయటి నుంచే కాక లోపలి నుంచీ పుడుతుంది. కండరాలు ఖర్చుచేసే శక్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే కదలికగా మారి, మిగిలినదంతా వేడిగా ఒంట్లోనే తేలుతుంది. లోపలి ఉష్ణోగ్రతను 37 డిగ్రీల దరిదాపుల్లో నిలపడానికి గుండె ఎక్కువ రక్తాన్ని చర్మం వైపు పంపుతుంది. అయితే బయటి గాలి చర్మం కన్నా వేడెక్కినప్పుడు గాలికి వేడిని వదిలే దారి మూసుకుపోయి, చెమట ఆరడమొక్కటే శరణ్యమవుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీల వేడి ఒంటిని విడిచిపోతుంది. రాయలసీమ పొడిగాలిలో చెమట తేలిగ్గా ఆరుతుంది కనుక కోస్తా ఉక్కపోత కన్నా ఇది మేలే గాని, చెమట కంటికి కనబడకముందే ఆరిపోవడంతో ఎంత నీరు పోయిందో నడిచేవారికి తెలియదు. ఇక అడవి చేరితే నీడ దొరుకుతుందన్న ఆశ కూడా పూర్తిగా నిజం కాదు. నల్లమలలో అధికభాగం ఆకురాల్చే అడవి కావడంతో, యాత్ర సాగే రోజుల్లోనే చాలా చెట్లు మోడులై ఉంటాయి.

ఇంతటి ఎండను పది పదిహేను రోజులు నడిచేవారు తట్టుకోగలగడానికి భక్తితో పాటు దేహధర్మమూ కారణమే. రోజూ వేడిలో శ్రమించే శరీరం ఒకటి రెండు వారాల్లో ఆ వేడికి అలవడుతుంది. శాస్త్రజ్ఞులు ఉష్ణ అనుకూలనం అని పిలిచే ఈ మార్పులో, రక్తంలోని ద్రవభాగం పెరిగి గుండెపై భారం తగ్గుతుంది, చెమట ముందుగానూ ఎక్కువగానూ పడుతుంది, ఆ చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. అందువల్ల దూరం నుంచి నడిచివచ్చినవారి కాళ్లు పుండ్లు పడినా, ఎండ విషయంలో మాత్రం వారి దేహం సిద్ధమై ఉంటుంది. అసలు జాగ్రత్త అవసరమైనది వెంకటాపురం దాకా బస్సులో వచ్చి, కేవలం అడవి బాట నడవడానికి పూనుకొనే పట్టణవాసులకు. ఏసీ గదుల నుంచి నేరుగా వచ్చిన దేహం మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువ ప్రమాదానికి లోనవుతుంది, వారి యాత్ర సాగేదీ ఆ రెండు మూడు రోజులే. తక్కువ దూరం నడుస్తున్నామన్న ధీమా ఇక్కడ మోసం చేస్తుంది. అటువంటివారు రెండు వారాల ముందు నుంచే రోజూ గంటసేపు, క్రమంగా ఎండ వేళకు జరుపుకుంటూ నడవడం అలవాటు చేసుకుంటే, అదే అన్నిటి కన్నా మంచి ఏర్పాటు.

దాహానికి నీరే ఔషధమైనా, గంటల తరబడి చెమట కార్చి వట్టి నీరే అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, మగత కలుగుతాయి. హైపోనట్రేమియా అనే ఈ స్థితిని దాహంగా పొరబడి మరింత నీరు పట్టడం కద్దు. వట్టి నీటికి బదులు ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ ద్రావణం మితంగా తాగడం ఈ స్థితి రాకుండా తోడ్పడుతుంది. ఓఆర్ఎస్‌లో చక్కెర రుచి కోసం కలిపింది కాదు. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోనికి పోతూ నీటిని తమతో తీసుకుపోతాయి. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు తలగొట్టిన టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపితే సరిపోతుంది. ఎండిన జొన్నరొట్టె, ఉప్పూకారం దట్టించిన వేరుసెనగ పొడి మూటగట్టుకొని వచ్చే కన్నడ యాత్రికుల పద్ధతి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. దారి పొడవునా వెలిసే అన్నదాన శిబిరాల్లో మాత్రం పుణ్యం పంచేవారి ఉత్సాహం నడిచేవారి కడుపుకు మించిపోతుంటుంది. మిట్టమధ్యాహ్నం భారీ భోజనం చేసి వెంటనే బయలుదేరడం దేహానికి రెండు పనులు ఒకేసారి అప్పగించడమే.

మైదానంలో తెల్లవారుజామున, సాయంత్రం నడిచి పగలు విశ్రమించవచ్చు గాని, పులులు తిరిగే అడవిలో చీకటి నడక తగదు కనుక, తొలి వెలుగుతోనే బయలుదేరి ఎండ ముదిరే లోపు నీటివసతి ఉన్న మజిలీ చేరుకోవడమే మార్గం. నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మింగుతూ నడవడం ఎంతో మందికి అలవాటైపోయింది. నీరు తగ్గిన ఒంట్లో ఇవి మూత్రపిండాలకు రక్తప్రసరణను ఇంకా తగ్గించి హాని చేస్తాయి. రక్తపోటుకు నీటి మాత్రలు వాడేవారు బయలుదేరే ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. మధుమేహంతో పాదాల స్పర్శ మందగించినవారు, కాలే తారురోడ్డుపై చెప్పులు లేకుండా నడిస్తే బొబ్బ తేలిన సంగతే వారికి తెలియదు.

తలతిరగడం, వికారం, విపరీతమైన చెమట, నీరసం వేడి అలసటకు గుర్తులు. నీడలో పడుకోబెట్టి ఉప్పు కలిసిన ద్రవాలు ఇస్తే మనిషి తేరుకుంటాడు. మాట తడబడి, మతి చెదిరి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలు దాటే ఈ స్థితిలో చెమట పడుతున్నా ప్రమాదం తప్పినట్టు కాదు. ఒంటినిండా నీరు పోసి విసరడం, మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టడం వెంటనే మొదలుపెట్టి, 108కు కబురు చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయరాదు. జ్వరానికిచ్చే పారాసెటమాల్ ఈ వేడిని తగ్గించదు.

అలసట పరాకాష్ఠకు చేరిన వేళనే భీముని కొలను లోయ నుంచి కైలాసద్వారానికి నిట్టనిలువు ఎక్కుడు ఎదురవుతుంది. అక్కడ నాలుగు అడుగులకొకసారి ఆగడంలో నామోషీ లేదు. ఎక్కాక క్షేత్రంలో మరో రకం ఇబ్బంది కాచుకొని ఉంటుంది. నడుస్తున్నంతసేపూ పిక్క కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి గనుక, నడక ఆపి దర్శనం వరుసలో కదలకుండా నిలబడగానే రక్తం కాళ్లలో చేరి, మెదడుకు అందక, కొందరు కళ్లు తిరిగి కూలబడతారు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకుంటే సాధారణంగా కొద్ది నిమిషాల్లో కోలుకుంటారు. వరుసలో ఉన్నంతసేపూ మడమలు ఎత్తి దించుతూ ఉండడం, వీలైన చోట కూర్చోవడం, గుడికి రాగానే కాక కొంత సేపు విశ్రమించి ఏదైనా తాగి వరుసలో చేరడం దీనికి సులువైన నివారణలు.